తెల్లారేలోపు పోవాల్సిన మెసేజి

కర్నూల్లో పాత బస్టాండుకు దగ్గరగా, ఒక మందుల షాపు పైన రెండు గదుల్లో మా ఆఫీసు ఉంటుంది. మెసేజీలు పంపడం మా పని. మీ పాప ఈ రోజు స్కూలుకు రాలేదనీ, మీ రక్తపరీక్ష రిపోర్టు వచ్చిందనీ, బట్టల షాపులో ఆషాఢం తగ్గింపు మొదలైందనీ ఫోన్లకు వస్తుంటాయి చూడండి, అవి మా లాంటివాళ్లం పంపేవే. టవర్లు పెద్ద కంపెనీలవి. వాళ్లకూ ఊళ్లోని షాపులకూ నడుమ ఉండే చిన్న సంస్థ మాది. ఎంత చిన్నదైనా చట్టం లెక్కలో మేమూ టెలికాం సేవలు అందించేవాళ్లమే. అందుకని ఢిల్లీలో ఏ రూలు మారినా అది నేరుగా మా మెట్లెక్కి వస్తుంది.

ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం మానేసి ఈ పని పెట్టుకున్నాను. మొదట్లో హాయిగానే ఉండేది. ఎవరికేం కావాలో రాసిస్తే పంపేవాళ్లం, అంతే. ఇప్పుడు నా పొద్దంతా చదవడానికే సరిపోతుంది. సవరణ, ఆ సవరణకు మళ్లీ సవరణ, దాని మీద వివరణ, గడువు పెంపు, పెంచిన గడువు రద్దు. పాఠాలు చెప్పే రోజుల్లో కూడా నేనింత చదవలేదు. చదివింది ఒంటబట్టేలోపే అది పాతబడిపోతుంది.

ఆ విసుగంతా చెప్పాలంటే ఒక్క టమాటా మెసేజి సంగతి చెబితే చాలు.

పత్తికొండ మార్కెట్లో టమాటా మండీ నడిపే ఒకాయన ఒక రోజు మా ఆఫీసుకు వచ్చాడు. యాభై దాటిన మనిషి. తెల్ల చొక్కా చేతులు మోచేతులదాకా మడిచి ఉన్నాయి. మెట్లెక్కి వచ్చిన ఆయాసం తీరకముందే మొదలుపెట్టాడు.

"మ్మా, నిన్న మా బావమరిది కాయ తెచ్చి మార్కెట్టు బయట రోడ్డు మీద పోసిపోయినాడు. కూలోళ్లను పెట్టి కోయించినాడు, ఆటో మాట్లాడుకొని తెచ్చినాడు. తీరా చూస్తే కొనుక్కుపోయే బయటి లారీ ఒక్కటి కూడా రాల్యా. కోయకముందే తెలిసింటే ఇంకో రెండు నాళ్లు చెట్టు మీదే ఉండేది గదా?"

"అయితే నన్నేం చేయమంటారన్నా?"

"కోతకు పోకముందే రైతు ఫోనుకు మెసేజి పోవల్ల. తెలుగులో. వాళ్లవన్నీ బటన్ల ఫోన్లు. నీ చేతనైతాదా కాదా?"

అయింది. ఆ మెసేజి మేమిద్దరం కూర్చుని రాసిందే. ముందు పత్తికొండ మార్కెట్ అని పేరు, తర్వాత నిన్న సాయంత్రం గంప ధర, ఈ రోజుకు వచ్చి ఆగిన బయటి లారీలు ఎన్ని. చివర ఒక మాట: 'కోత చూసుకొని చేయండి.' ఆ మాట ఎందుకన్నా అంటే ఒప్పుకోలేదు. "అదే మ్మా అసలైన మాట. మిగతాదంతా దాని కోసమే" అన్నాడు. నేను పంపే వేల మెసేజీల్లో నాకు గర్వంగా అనిపించేది అదొక్కటే. తగ్గింపు ధరల మెసేజి రాకపోయినా ఎవరూ అడగరు. ఇది ఒక్క రోజు ఆలస్యమైతే రైతులే ఆయనకు ఫోన్ చేసేవాళ్లు.

తర్వాత రూళ్లు మారాయి. ఎందుకు మారాయో నాకు తెలుసు, తప్పు పట్టను. దొంగ మెసేజీలతో జనాన్ని ముంచేవాళ్లు ఎక్కువయ్యారు. కాబట్టి మెసేజి పంపే ప్రతి వ్యాపారీ ముందు నమోదు చేసుకోవాలన్నారు. పంపేవాళ్ల పేరు ఫలానా విధంగానే ఉండాలన్నారు. మెసేజిలోని మాటలన్నీ టవర్ల కంపెనీకి ముందే చూపించి అనుమతి తెచ్చుకోవాలన్నారు. దాన్ని టెంప్లేట్ అంటారు. రోజూ మారే అంకెల చోట ఖాళీలు పెట్టాలి, మిగతాదాంట్లో ఒక్క చుక్క తేడా వచ్చినా మెసేజి దారిలోనే ఆగిపోతుంది.

మండీ నడిపే ఆ అన్న కాగితాలన్నీ తెచ్చిచ్చాడు. నేను నమోదు చేశాను. టెంప్లేట్ పంపాను. తిరస్కరించారు. కారణం: భాష సరిపోలేదు. తెలుగును తెలుగుగానే పెట్టాను కదా, ఇంకేం సరిపోవాలి? ఎంత వెతికినా దొరకలేదు. చివరికి తెలిసిందేమంటే 'మార్కెట్' అన్న మాటలో పొల్లు రావడానికి కీబోర్డు కంటికి కనపడని ఒక గుర్తును కలుపుతుంది. మనిషికి రెండూ ఒకటే మాట, వాళ్ల యంత్రానికి వేరు వేరు మాటలు. దాన్ని సరిచేసి పంపితే మళ్లీ తిరస్కరణ. ఖాళీలు ఎక్కువగా ఉన్నాయన్నారు. తగ్గించి పంపితే ఈసారి అనుమతి వచ్చింది. సంబరపడి తెరిచి చూస్తే దాన్ని ప్రకటనల కింద వేసి ఉన్నారు. ప్రకటనలు పొద్దున పది దాటాకే పోవాలి. పది దాటాక కోత చూసుకొమ్మని రైతుకు చెప్పి ఏం లాభం? అప్పటికి కాయ గంపల్లో ఉంటుంది.

ఆ కంపెనీ సహాయకేంద్రానికి ఫోన్ చేశాను. కుర్ర గొంతు, తెలుగు బాగానే మాట్లాడాడు.

"ధర ఉంది కదా మేడమ్. ధర ఉంటే అది ప్రకటనే."

"మేము ఏదీ అమ్మడం లేదండీ. అమ్ముకునే రైతుకే ధర చెప్తున్నాం."

"అర్థమైంది మేడమ్. కానీ ధర ఉంది కదా."

"ధర లేకుండా మార్కెట్ ధర ఎట్లా చెప్పమంటారు?"

"చివర్లో 'చేయండి' అని కూడా ఉంది మేడమ్. కస్టమర్‌ను ఏదైనా చేయమంటే అది ప్రకటన కిందే వస్తుంది."

చేయమన్నది కొనమని కాదు బాబూ, కోయకముందు ఆలోచించుకోమని అన్నాను. ఫిర్యాదు రాసుకొని టికెట్ వేస్తానన్నాడు. ఆ టికెట్‌కు జవాబు రాలేదు. మళ్లీ చేస్తే ఇంకో గొంతు. మళ్లీ పత్తికొండ ఎక్కడుందో చెప్పే దగ్గర నుంచి మొదలుపెట్టాలి. ఆ చివరి మాట తీసేద్దామా అని అన్నను అడిగాను. "తీసేస్తే నా మెసేజి ఎట్లయితాది మ్మా అది" అని ఫోన్ పెట్టేశాడు. కోపం నా మీద కాదని తెలుసు. అయినా ఆ పూట నాకు అన్నం సహించలేదు.

ఒక దారి ఉందని చివరికి తెలిసింది. అందుకునేవాళ్లు తమంతట తామే అనుమతి ఇస్తే అది ప్రకటన కాదు, సేవ. సేవ ఏ వేళనైనా పోవచ్చు. అనుమతి ఇవ్వాలంటే రైతు ఫోనుకు ఓటీపీ అనే ఒక అంకె వస్తుంది, దాన్ని మాకు చెప్పాలి. మేం దాన్ని నమోదు చేస్తాం. వినడానికి ఎంతో తేలిక.

పత్తికొండకు పోయి మార్కెట్లో అన్న మండీ ముందు కుర్చీ వేసుకొని కూర్చున్నాను. గంపలు దించేవాళ్ల అరుపులు, పచ్చికాయ వాసన, కాళ్ల కింద చితికిన పండ్లు. కాయ తెచ్చిన ఒక పెద్దామెను అన్న నా దగ్గరికి పంపాడు. నుదుటి మీద పెద్ద బొట్టు, కొంగు నడుముకు బిగించి ఉంది. మడతలు పడ్డ సంచిలోంచి ఫోను తీసి నా ముందు పెట్టింది. అంకె వచ్చింది.

"అవ్వా, ఆ అంకె ఏముందో చెప్పు."

ఆమె ఫోన్ చటుక్కున వెనక్కి లాక్కుంది.

"చెప్పను."

"ఎందుకు?"

"ఎవరికన్నా ఫోన్ చేస్తే చాలు, రింగు పోకముందే ఒకాయన చెప్తాండాడు గదా, వచ్చిన నంబరు ఎవురికీ చెప్పొద్దని. గవర్మెంటోళ్లే చెప్తాండారు. నువ్వేమో చెప్పు అంటాండావు. నువ్వెవురు?"

ఆమె అన్నది అక్షరాలా నిజం. అన్న వచ్చి, "మన పాపే అవ్వా, నేనుండా గదా" అన్నాడు.

"నువ్వుండావు సరే నాయనా. రేపు దుడ్లు పోతే ఆ ఫోన్లో ఆయనొచ్చి ఇస్తాడా, నువ్విస్తావా?" అని గంప దగ్గరికి వెళ్లిపోయింది. ఆమె వెనక నిలబడ్డవాళ్లలో చాలామంది కూడా ఫోన్లు జేబుల్లో పెట్టుకున్నారు. ఆ మార్కెట్టు చుట్టూ ఎన్ని వారాలు తిరిగామో. అన్న ఊళ్లకు పోయి ఇళ్ల ముందు కూర్చుని ఒక్కొక్కరికీ నచ్చజెప్పాడు. ఆ పెద్దామె మాత్రం చివరిదాకా చెప్పలేదు. ఆమెను చూస్తే నాకు కోపం రావాలి. రాలేదు. నేను పోరాడుతున్న రూలు ఎందుకొచ్చిందో ఆమెకు అర్థమైనంత బాగా ఇంకెవరికీ అర్థం కాలేదనిపించింది.

మొత్తానికి మెసేజి మళ్లీ తెల్లారుజామునే పోవడం మొదలైంది. కొన్ని నెలలు బాగా గడిచాయి. ఆ తర్వాత ఇంకో కొత్త రూలు. మెసేజి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోతోందో ఆ వరుసంతా ముందే నమోదు కావాలి. అన్న, తర్వాత మేము, మా పైన ఇంకో సంస్థ, ఆ పైన టవర్ల కంపెనీ. మా వంతు మేము గడువుకు ముందే పూర్తిచేశాం. మా పైనున్న సంస్థ చేయలేదు. చేయలేదని మాకు చెప్పనూ లేదు. ఒక తెల్లవారుజాము నుంచి మెసేజి పోవడం ఆగిపోయింది. మా తెర మీద మాత్రం పంపబడింది అనే చూపిస్తోంది.

ఆ రోజే బయటి లారీలు రాలేదు.

అన్న ఫోన్ చేసేసరికి నేను ఆఫీసు తాళం తీస్తున్నాను. ఆయన వెనకాల జనం గోల.

"యాడికి పోయినాది మ్మా మెసేజి? అందురూ కాయ తెచ్చినారు. నిన్ను నమ్మి నాకు ఫోన్ కూడా చెయ్యల్యా, మెసేజి రాకుంటే లారీలు వచ్చినాయనే అనుకున్నారంట. ఆటోలు రోడ్డుకు అడ్డంగా నిలబెట్టినారు. నేనేం చెప్పల్ల వీళ్లకు?"

ఏం జరిగిందో నాకే తెలియదు. సాయంత్రానికి గానీ పై సంస్థవాళ్లు ఫోన్ ఎత్తలేదు. "మా సైడు నుంచి పెండింగ్ ఉంది మేడమ్, రెండు మూడు రోజుల్లో అయిపోతుంది" అన్నారు, ఏదో మామూలు సంగతి చెప్పినట్టు. మరుసటి రోజు నేను పత్తికొండకు పోయినప్పుడు మార్కెట్టు గోడ పక్కన పోసిన కాయ ఎండకు ఉడికి నీళ్లు కారుతోంది. ఆవులు కూడా ముట్టడం లేదు. అన్న మండీలో ఖాళీ గంపలు సర్దుతున్నాడు.

అప్పుడే కడపలో ఒక అవగాహన సమావేశం పెట్టారు. కొత్త నిబంధనల గురించి అధికారులొచ్చి చెప్తారని కబురు. అన్న తనూ వస్తానన్నాడు. అన్న భార్య, నేను వదినా అని పిలుస్తాను, ఒంటిమిట్ట రామయ్యను చూసి చాలా రోజులైందని ఆమె కూడా బయలుదేరింది. ఒంటిమిట్ట దగ్గర నేతపని చేసే ఊరే మా పుట్టిల్లు కాబట్టి నన్ను అక్కడ దింపుతామన్నారు. ముగ్గురం ఆయన కార్లో నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా పోయాం. దారి పొడవునా వదిన నన్ను అడుగుతూనే ఉంది, ఈ మెసేజి ఎట్లా పోతుంది, ఎవరు ఆపుతారు, ఆపినవాళ్లకు మనం కనిపిస్తామా అని. కనపడం వదినా అన్నాను.

కడపలో ఒక హోటలు హాల్లో మా లాంటి సంస్థలవాళ్లు చాలామంది కూర్చున్నారు. అధికారి పెద్దమనిషి, నెమ్మదస్తుడు. గోడ మీద ఇంగ్లీషులో వరుసగా వాక్యాలు చూపిస్తూ చదువుకుంటూ పోయాడు. ప్రశ్నలేమైనా ఉన్నాయా అనగానే అన్న లేచాడు.

"సార్, నాది టమాటా మండీ. టమాటా ధర చెప్పేది ప్రకటన అంటాండారు. మేం కష్టపడి దాన్ని సేవ చేసుకొన్నాం. ఇప్పుడు నడిమధ్యలో ఎవురో కాగితం వెయ్యలేదని అది ఆగిపోయినాది. వాళ్లు వెయ్యకుంటే మాకు ముందే చెప్పే రూలు యాదన్నా ఉండాదా సార్?"

హాల్లో కొందరు నవ్వారు. అధికారి నవ్వలేదు.

"మంచి పాయింటు. దీన్ని మీరు రాసి పంపండి."

"ఎవురికి సార్?"

"వెబ్‌సైటులో అభిప్రాయాలు తీసుకుంటారు. ఇంగ్లీషులో పెడితే త్వరగా చూస్తారు."

టీ తాగేటప్పుడు ఆ అధికారే మా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అన్నాడు: "నా చేతుల్లో ఏమీ లేదండీ. పైనుంచి వచ్చింది చదివి వినిపించడమే నా పని. మీరన్నది నాకు అర్థమైంది." అర్థమైనవాళ్ల చేతుల్లో ఏమీ ఉండదు. చేతుల్లో ఉన్నవాళ్లు ఎక్కడుంటారో తెలియదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. టీ అక్కడే పెట్టి బయటికొచ్చాను.

నన్ను మా ఊళ్లో దింపి వాళ్లిద్దరూ గుడికి పోయారు. మా అమ్మ అరుగు మీద కూర్చుని కండెలు చుడుతోంది. ఈ వయసులోనూ మగ్గం మీదికి దారం అందించకపోతే ఆమెకు తోచదు. కాఫీ ఇచ్చి పక్కన కూర్చుని తన ఫోను నా చేతికిచ్చింది.

"ఇవేందో చూడు. రోజూ వస్తాండాయి. భయమైతాంది."

చూశాను. కరెంటు కట్ చేస్తాం, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి. మీ పేరు మీద పార్సిల్ ఆగిపోయింది, ఇక్కడ నొక్కండి. మీకు లోను మంజూరైంది. మీ బ్యాంకు ఖాతా ఆగిపోతుంది. అర్ధరాత్రి వచ్చినవీ ఉన్నాయి, తెల్లారుజామున వచ్చినవీ ఉన్నాయి. ఒక్కదాన్ని కూడా ఎవరూ దారిలో ఆపలేదు. పొల్లు తప్పులు కుప్పలుగా ఉన్నాయి. నా టమాటా ధరను పొల్లు దగ్గర ఆపిన దేశంలో ఇవన్నీ మా అమ్మ అరుగు మీదికి నడుచుకుంటూ వచ్చేశాయి.

"ఇవన్నీ నువ్వే పంపిస్తావా?" అని అడిగింది అమ్మ. ఎగతాళికి కాదు, నిజంగానే. నేను చేసేది మెసేజీలు పంపే పని అని మాత్రమే ఆమెకు తెలుసు.

కాదమ్మా అని చెప్పి, ఒక్కొక్కటీ తీసేసి, దేన్నీ నొక్కవద్దని చెప్పాను. నా గొంతు పెరిగినట్టుంది. "నామీద అరుస్తావేంది?" అంది.

తిరుగు ప్రయాణంలో వదిన ఒక మాట అంది. "ఈ బాధంతా ఎందుకు? అది మళ్లీ పోయేదాకా ఊరికొకరికి నేనే ఫోన్ చేస్తా. వాళ్లు ఊళ్లో చెప్పుకుంటారు. మాట్లాడేదానికి ఎవురి పర్మిషన్ కావల్ల?"

అంత తేలికైన ఉపాయం మాకెందుకు తోచలేదా అనుకున్నాం. వదిన తెల్లారుజామునే లేచి పొయ్యి మీద పాలు పెట్టి ఫోన్ చేసేది. లారీలు వచ్చినాయో లేదో, ధర ఎట్లుందో చెప్పి, కోత చూసుకోండప్పా అనేది. రైతులకు మెసేజి కంటే అదే బాగా నచ్చింది. వదిన గొంతు వింటే ధైర్యంగా ఉందన్నారు. ఆమె కూడా ఎంతో ఉత్సాహంగా కనిపించింది. ఇరవై ఏళ్లుగా మార్కెట్టు మాటలు ఇంట్లో విన్నదే గానీ తనే చెప్పడం అదే మొదలు.

ఒక రోజు ఆమె ఫోను నుంచి కాల్ పోలేదు. సిమ్ పాడైందేమో అనుకున్నారు. నన్ను కనుక్కోమంటే కనుక్కున్నాను. ఆమె రోజూ చేసే నంబర్లలో ఒకదాన్ని ఆ రైతు ఎప్పుడో వదిలేశాడు. అది ఇప్పుడు వేరే ఊళ్లో ఎవరికో పోయింది. ఆ మనిషి ఎప్పుడూ ఫోన్ ఎత్తలేదు, కానీ తెల్లారకముందే రోజూ ఫోన్ వస్తోందని ఫిర్యాదు చేశాడు. అనుమతి లేకుండా వ్యాపార కాల్స్ చేస్తున్న నంబరు అని వదిన ఫోనుకు బయటికి పోయే కాల్స్ ఆపేశారు. ఆ రూలు కూడా కొత్తదే. దాన్ని నేను చదివే ఉన్నాను, వదినకు వర్తిస్తుందని ఎవరికి తోస్తుంది?

"వ్యాపారమా?" అంది వదిన. "నేనేమన్నా లోన్లు అమ్ముతాండానా? ఫోన్లో నేను దొంగదాన్నని రాసుకున్నారా?"

అట్లా రాయలేదని చెప్పాను. నమ్మలేదు. తను ప్రకటనల సంస్థ కాదని వివరణ రాసి ఆమె సంతకం పెట్టించి పంపాను. ఆ రోజుల్లో ఆమె పుట్టింటికి కూడా అన్న ఫోను నుంచే మాట్లాడింది. కొన్నాళ్లకు నంబరు మళ్లీ పనిచేసింది. నేను ఆ సంతోషంతో ఫోన్ చేస్తే, "ఇంక నేను ఎవురికీ చెయ్యను మ్మా. నువ్వే మెసేజి పంపుకో" అని పెట్టేసింది. ఆమె మాట తప్పలేదు. ఇప్పటికీ చేయడం లేదు. ఈ మొత్తం గొడవలో నాకు అన్నిటికంటే కష్టంగా తోచేది అదే.

మెసేజి మళ్లీ పోతోంది. పై సంస్థను మార్చుకున్నాం, వరుసంతా నమోదైంది. కానీ ఈ మధ్య పంపేవాళ్ల పేరు చివర ఒక అక్షరం తగిలించాలని ఇంకో రూలు వచ్చింది. అది చూసి రైతులు ఇది నిజమైందేనా, దొంగదా అని అన్నకు ఫోన్లు చేశారు. కొందరు చూడడమే మానేశారు. మేం నమ్మించడానికి పట్టిన కాలం వాళ్లు అనుమానించడానికి పట్టలేదు.

అధికారి చెప్పినట్టు అభిప్రాయం కూడా రాసి పంపాను, ఇంగ్లీషులోనూ తెలుగులోనూ. పంటల ధరలను ప్రకటనలుగా చూడొద్దని, మధ్యలో ఎవరి వల్ల ఆగినా అందరికీ ముందే తెలిపే ఏర్పాటు ఉండాలని. కొన్ని నెలలకు తుది నిబంధనలు వచ్చాయి. పెద్ద కంపెనీల అభిప్రాయాలు పేజీలకు పేజీలు ఉన్నాయి. మాది వెతికాను. దొరకలేదు. వేళలు కూడా మారలేదు.

కోయిలకుంట్ల నుంచి ఒక విత్తనాల షాపాయన మొన్న వచ్చాడు. వాన కబురు చూసుకొని రైతులకు విత్తు వేసే అదును చెప్పాలట, మెసేజి పంపగలరా అని అడిగాడు. టెంప్లేటు, అనుమతి, వరుస, అంకె, అన్నీ చెప్పుకుంటూ పోయాను. సగంలోనే ఆయన మొహం చూస్తే నాకే జాలేసింది. మంచి పనే సార్, కానీ నా వల్ల కాదన్నాను. కాలేజీ వదిలినప్పుడు నా నోట ఆ మాట వస్తుందని నేననుకోలేదు. ఆయన నింపాదిగా టీ తాగి, "పోనీలేమ్మా, ఆటోకు మైకు కట్టి చెప్పిస్తా" అని మెట్లు దిగాడు. మైకుకు పోలీసుల అనుమతి కావాలని చెప్దామని లేచి, ఊరుకున్నాను.